త్వరగా వేడెక్కే ఇనుము

మా వర్క్‌షాపుకి వచ్చేవాళ్ళందరూ ఒకే మాట అడిగేవారు: ఏ తుపాకీ బారెల్ అయితే తొందరగా వేడెక్కదు అని. ఆయన ఒక్కడే దాన్ని తిరగేసి అడిగాడు.

అప్పటికి నేను కువైట్ వచ్చి చాలా ఏళ్ళయింది. సులైబియాలో గోదాముల వరసకి వెనకాల, రేకుల కప్పు వేసిన చిన్న వర్క్‌షాపులో లేత్ మీద పని చేసేవాణ్ణి. అమలాపురం దగ్గర మా ఊళ్ళో రైసుమిల్లు షాఫ్టులూ, పంపుసెట్ల బుష్షులూ తిప్పుతూ నేర్చుకున్న పని. మా యజమాని కువైటీ. మేమంతా ముదీర్ అనేవాళ్ళం. గురి పోటీల్లో కాల్చే రైఫిళ్ళని ఒక్కొక్కరి భుజానికీ, చేతి పొడవుకీ సరిపోయేలా కట్టి ఇచ్చే లైసెన్సు ఆయనకుంది. ఒకప్పుడు తనూ పోటీల్లో కాల్చినవాడే. కాగితం మీద నల్ల చుక్కని కొట్టడం కోసం ఇక్కడ ఇంత తంటాలు పడతారని సెలవుల్లో చెప్తే మా ఊళ్ళో నవ్వేవారు.

బారెళ్ళు బయటి దేశాల నుంచి లావుపాటి కడ్డీలుగా వచ్చేవి. లోపలి రంధ్రమూ, అందులో మెలికలు తిరిగే గాడీ అక్కడే కోసి పంపేవారు. బయట ఎంత లావు ఉంచాలి, ఎంత పొడవు ఉంచాలి, మర ఎలా కోయాలి, మూతి ఎలా నున్న చేయాలి అన్నది నా పని. కడ్డీలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి క్రోమ్ మాలీ. మేం నల్ల ఇనుం అనేవాళ్ళం. గట్టిది, కానీ నూనె రాయకుండా వదిలేస్తే సముద్రం గాలికి తుప్పు పడుతుంది. రెండోది స్టెయిన్‌లెస్. తుప్పుకి లొంగదు, లోపలి గాడి ఎక్కువకాలం అరగకుండా ఉంటుంది. గురి కోసం కాల్చేవాళ్ళు పదిమందిలో తొమ్మిదిమంది దాన్నే ఎంచుకునేవారు. తరవాత్తరవాత కార్బన్ దారం చుట్టినవి కూడా వచ్చాయిగాని, మా ముదీర్‌కి వాటి మీద నమ్మకం కుదరలేదు.

వేడి సంగతి ఎందుకంటే, వరసగా కాల్చేకొద్దీ బారెల్ కాలుతుంది. దాని మీద గాలి అలలు అలలుగా లేస్తుంది. ఆ అలల్లోంచే స్కోప్ అవతలికి చూడాలి గనక గురి కాగితం నీళ్ళలో ఉన్నట్టు కదులుతుంది. అందుకని కొందరు బారెల్ పొడుగునా ఒక గుడ్డ పట్టీ కట్టుకుంటారు. కొందరు లావు బారెల్ అడుగుతారు. ఎవరి జాగ్రత్త వాళ్ళది.

ఆ ప్రశ్నని తిరగేసి అడిగినాయన ఒక శీతాకాలం సాయంత్రం వచ్చాడు. పొడుగు మనిషి, తెల్లటి గడ్డం, నడుస్తుంటే చప్పుడు ఉండదు. ముదీర్ కన్నా పెద్దవాడు. అందరూ హజ్జీ అనే పిలిచేవారు. వాళ్ళ నాన్న బొంబాయిలో ముత్యాల వ్యాపారం చేసిన రోజుల్లో అక్కడే పెరిగాట్ట, హిందీ నాకన్నా బాగా మాట్లాడేవాడు. నల్ల కడ్డీ ఒకటీ, స్టెయిన్‌లెస్ కడ్డీ ఒకటీ బల్ల మీద పక్కపక్కన పెట్టించుకుని, ఒక్కోదాని మీదా అరచెయ్యి వేసి చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

"వీటిలో ఏది త్వరగా వేడెక్కుతుంది?" అని అడిగాడు.

ఆయన నోరు జారిందనుకుని, "స్టెయిన్‌లెస్ కొంచెం నెమ్మది హజ్జీ. లావుగా ఉంచితే ఇంకా నెమ్మది," అన్నాను.

"నెమ్మది నాకెందుకు? త్వరగా వేడెక్కేది ఏదో చెప్పు."

నేను ముదీర్ వైపు చూశాను. ఆయన తల వంచుకుని కాగితాలేవో సర్దుతున్నాడు. ఏమీ వినపడనట్టే ఉన్నాడు.

"నల్ల ఇనుం లోపలి వేడిని బయటికి త్వరగా తెస్తుందండి. సన్నగా తిప్పితే ఇంకా త్వరగా," అన్నాను. "కానీ అలా అయితే కొన్ని గుళ్ళకే కాగితం కనపడదు. అంతా అలుక్కుపోతుంది."

"కాగితం కనపడకపోయినా ఫరవాలేదు," అన్నాడు హజ్జీ.

ఆయన వెళ్ళాక ముదీర్ నాతో, "రెండూ తయారు చెయ్యి. నల్లది సన్నగా, తెల్లది లావుగా. ఒకే రైఫిల్‌కి మార్చి మార్చి బిగించేలా చెయ్యి. రెండూ చూశాక ఆయనే ఎంచుకుంటాడు," అన్నాడు. ఎందుకలా అడిగాడు అంటే మాత్రం, "నువ్వే వెళ్ళి చూస్తావుగా," అని ఊరుకున్నాడు.

ఆ రెండు బారెళ్ళూ చేసి ముగించేసరికి చలి తగ్గిపోయింది. మధ్యలో ముదీర్‌కి వేరే పనులు పడ్డాయి, హజ్జీ కూడా తొందర పెట్టలేదు. పగలు ఎండ చురుక్కుమనే రోజుల్లో హజ్జీ తన జీపులో నన్ను వఫ్రా తీసుకెళ్ళాడు. అక్కడ ఆయనకి టమాటాలూ, కీర దోసకాయలూ పండించే తోట ఉంది. తోటకి అవతల, అనుమతి తీసుకుని కట్టుకున్న గురి మైదానం. మైదానం అంటే బల్ల ఒకటి, అర కిలోమీటరుకు పైగా చదును చేసిన ఇసక, ఆ చివర చెక్క పలక, దాని వెనకాల ఎత్తుగా పోసిన ఇసక కట్ట. కట్టకి అవతల ముళ్ళ కంచె. కంచె మీద ఎర్రటి త్రికోణం బొమ్మలు ఎండకి వెలిసిపోయి వేలాడుతున్నాయి.

"అటు ఎవరూ వెళ్ళరు," అన్నాడు హజ్జీ. "పక్క దేశం దండయాత్రలో పాతిన మందుపాతరలు. చాలా తీశారు. ఈ ముక్క మిగిలిపోయింది. ఒంటె కూడా వెళ్ళదు."

ముందు సన్నటి నల్ల బారెల్ బిగించాను. ఆయన కాల్చడం మొదలెట్టాడు. నేను పక్కన ముక్కాలి పీట మీద పెట్టిన పెద్ద స్కోప్‌లోంచి గుళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూసి చెప్తున్నాను. మొదటి కొన్ని మధ్యలోనే పడ్డాయి. బారెల్ కాలిన వాసన వస్తోంది. తరవాత గుళ్ళు అటూ ఇటూ పోవడం మొదలైంది.

"హజ్జీ, ఇంక ఆపండి. చల్లారనివ్వండి," అన్నాను.

ఆయన ఆపాడు. కానీ రైఫిల్ దగ్గరనుంచి లేవలేదు. "ఇప్పుడు నువ్విటు రా," అన్నాడు. "నీ దాంట్లో కాదు. దీంట్లోంచి చూడు. పలకకి ఎడమ పక్క."

గుళ్ళన్నీ తీసేసి, గుండు పెట్టే చోటుని మూసే బోల్ట్ తెరిచి ఉంచి, నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టాడు. కాలుతున్న బారెల్ మీంచి గాలి జలజల పైకి పాకుతోంది. పలక కాసేపు పొడుగవుతోంది, కాసేపు రెండుగా విడిపోతోంది. దాని ఎడమ పక్కన ఏదో నిలువుగా ఉంది. లేత రంగు. మొదట అది పలక నీడే అనుకున్నాను. కానీ పలక వంగినప్పుడు అది వంగడం లేదు. గాలి మొత్తం కదులుతుంటే అది మాత్రం కదలకుండా ఉంది. పైభాగం సన్నగా, గుండ్రంగా ఉంది, తలలాగా. చెయ్యి ఒకటి కొంచెం పైకి లేచి ఉన్నట్టనిపించింది.

స్కోప్ నుంచి కన్ను తీసేశాను.

"టైర్లేమో హజ్జీ," అన్నాను. "ఎవరో టైర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉంటారు. ఎండమావిలో అలా కనపడతాయి."

"టైర్లు లేవు," అన్నాడాయన మామూలు గొంతుతో. "వెళ్ళి చూశాను. చాలాసార్లు వెళ్ళాను. దగ్గరికి వెళ్తే ఉండదు. బారెల్ చల్లారితే ఉండదు. కాలినప్పుడే వస్తాడు."

వస్తాడు అన్నాడు. వస్తుంది అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆయన టమాటాల పురుగు గురించి మాట్లాడాడు. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను.

మర్నాడు ముదీర్‌ని నిలదీశాను. ఇంక దాచలేదు. హజ్జీకి ఒక తమ్ముడు ఉండేవాడట. ఇద్దరూ కలిసే గురిపెట్టి కాల్చడం నేర్చుకున్నారట, ఆ వఫ్రా తోటలోనే. దండయాత్ర రోజుల్లో ఒక పొద్దున తలుపు కొడితే ఆ తమ్ముడు వెళ్ళి తీశాడట. తలకి గుత్రా కూడా చుట్టుకోకుండా, ఉన్నవాడు ఉన్నట్టు వెళ్ళాడట. అంతే. పట్టుకుపోయిన సైనికులు ఎక్కడికి తీసుకెళ్ళారో ఇప్పటికీ తెలియదు.

"ఆయనకి పిచ్చి లేదు," అన్నాడు ముదీర్. "వ్యాపారం చూసుకుంటాడు, మనవళ్ళని బడికి దింపుతాడు. ఇదొక్కటే. పాత రైఫిల్ బారెల్ అరిగిపోయింది. కొత్తదాంట్లో కనపడడేమోనని భయం. అందుకే అలా అడిగాడు."

"మీరు చూశారా?"

"నేను ఆ కుర్చీలో కూర్చోను," అన్నాడు.

నేనూ నా భార్యా అప్పుడు బ్నీద్ అల్ గార్‌లో ఒక గదిలో ఉండేవాళ్ళం. ఆవిడ నర్సు, నరసాపురం వైపు అమ్మాయి. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉంటే చెప్పాను. అంతా వింది.

"ఏమండీ, ఆయన అటు వైపే కాలుస్తున్నాడా?"

"పలకని కాలుస్తాడు. అది పక్కన కదా."

"పక్కన అంటే ఎంత?"

చేతులు చాపి చూపించాను. ఆవిడ నీళ్ళలోంచి కాళ్ళు తీసేసింది.

"అయ్‌బాబోయ్. అక్కడున్నది నిజంగా మనిషే అయితేనో?"

"మనిషెవడొస్తాడే అక్కడికి? అవతలంతా మందుపాతరలు."

"ఎవరో వస్తారని కాదండీ నేననేది. ఎవరూ రారని మీరు గట్టిగా అనుకుంటున్నారు చూశారా, అదీ నాకు భయం."

ఆ మాట నన్ను వదల్లేదు. రెండోసారి వఫ్రా వెళ్ళే రోజున మధ్యాహ్నం వద్దనీ, తెల్లవారగానే వెళ్దామనీ హజ్జీని అడిగాను. లావు బారెల్‌ని చల్లటి గాలిలో పరీక్షించాలని సాకు చెప్పాను. ఆయన సరేనన్నాడు.

మేం వెళ్ళేసరికి ఇసక మీద పల్చగా మంచు ఉంది. తోటలో పంపు ఆడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. స్టెయిన్‌లెస్ బారెల్ బిగించాను. ఎడారి తెల్లవారుజాము చలికి చేతికి చల్లగా తగిలింది. హజ్జీ బల్ల ముందు కూర్చుని గుళ్ళ పెట్టె విప్పుతున్నాడు. ఇంకా ఒక్క గుండు కూడా కాల్చలేదు. నేను నా పెద్ద స్కోప్‌కి కన్ను ఆనించాను.

మంచు పల్చబడుతోంది. పలక కనపడింది. దాని ఎడమ పక్కన మనిషి ఉన్నాడు.

ఈసారి ఏ అలలూ లేవు. గాలి అద్దంలా ఉంది. లేత రంగు బట్టలు. చెయ్యి పలక అంచు మీద ఆనించి, ఒంటి కాలి మీద బరువు వేసి నిలబడ్డాడు. నేను చూస్తుండగానే రెండో కాలి మీదకి బరువు మార్చుకున్నాడు.

పక్కన హజ్జీ గుండు లోపలికి తోసి బోల్ట్ మూస్తున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకి నేను లేచి, ఏం చేస్తున్నానో తెలియకుండానే రైఫిల్‌కి అడ్డంగా నా చెయ్యి పెట్టేశాను.

"హజ్జీ, కాల్చకండి. ఉన్నాడు."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఉంటాడు. నీకు చెప్పానుగా."

"బారెల్ చల్లగా ఉంది హజ్జీ! ముట్టుకుని చూడండి. చల్లగా ఉంది!"

ఆయన అరచెయ్యి బారెల్ మీద వేశాడు. అలాగే ఉంచాడు. మెల్లగా బోల్ట్ తెరిచి గుండు బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. అది దొర్లి కింద పడింది. ఎవరం తియ్యలేదు.

జీపులో వెళ్ళాం. దగ్గరికి వచ్చేకొద్దీ ఆ మనిషి మాయమైపోతాడని ఇద్దరం ఎదురు చూస్తున్నామనుకుంటాను. ఆయన ఏం కోరుకుంటున్నాడో నాకు తెలియదు. నేను మాత్రం మాయమైపోవాలనే కోరుకున్నాను. మాయమవలేదు. జీపు ఆగేసరికి అతను పలక వెనక్కి నక్కి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూలబడ్డాడు. పాతికేళ్ళుంటాయేమో. దుమ్ముకొట్టుకుపోయిన దిష్దాషా అంగీ, పగిలి రక్తం కారుతున్న మడమలు, ఎండిపోయిన పెదవులు. తనలో తనే గొణుక్కుంటున్నాడు. ఆ గొణుగుడు తెలుగు.

"ఎవరు బాబూ నువ్వు?" అన్నాను.

అతను తలెత్తి నన్ను చూసి ఏడవడం మొదలెట్టాడు. "అన్నా, తెలుగోళ్ళా? కొట్టొద్దని జెప్పు అన్నా. నేనేం దొంగతనం చేయలే. నీళ్ళకొచ్చినా. ఆడ కట్ట కింద పైపు కారుతాంది, దానికొచ్చినా."

నీళ్ళు తాగించాక చెప్పాడు. రాయచోటి దగ్గర పల్లె. డ్రైవరు పనని తెచ్చి కంచెకి అవతల ఎక్కడో దూరంగా గొర్రెల దగ్గర పెట్టారు. వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, కఫీల్, తిండి సరిగా పెట్టడు, గొర్రె ఒకటి తప్పిపోతే గొలుసు పెట్టి కొట్టాడు. అందుకని పారిపోయి వచ్చాడు. కొన్నాళ్ళుగా కట్టకీ కంచెకీ మధ్య ఉన్న గుంటలో పడుకుంటూ, పొద్దున్నే ఇటు వచ్చి నీళ్ళు తాగి, పలక నీడన కూర్చుంటున్నాడు.

హజ్జీ నన్ను అడిగాడు: "ఎటునుంచి వచ్చాడు?"

అడిగాను. అతను కట్ట మీదుగా, ముళ్ళ కంచె అవతలికి, ఎర్ర త్రికోణాలు వేలాడే చోటుకి నేరుగా వేలు చూపించాడు. కట్ట ఎక్కి చూస్తే ఇసకలో అడుగుల జాడ కనపడుతూనే ఉంది. ఎక్కడా వంకర లేకుండా, దారం పట్టి గీసినట్టు ఉంది.

"అటు మందుపాతరలున్నాయి తెలుసా నీకు?" అన్నాను.

"తెలుసన్నా. మా గొర్రెల కాడుండే సూడాన్ దేశమాయన జెప్పినాడు, అటు పోతే సస్తావని. అయినా వచ్చినా. ఆయప్ప నిలబడుకోని ఉండాడు గదా, మనుషులు తిరిగే జాగానే అనుకున్యా."

"ఏ ఆయప్ప?"

"ఈడ నిలబడుకోనుంటాడు గదన్నా, ఆ పొడుగాయప్ప. మీ మనిషి గాదా? నేను ఆ దిబ్బ మీది నుంచి సూస్తే ఈడ నిలబడి చెయ్యెత్తి ఇట్ల రమ్మన్యాడు. నేను ఆయప్పను సూసుకుంటా నడిచినా. కింద సూడలే. వచ్చినాక సూస్తే లేడు. నీళ్ళు సూపిచ్చి ఎట్లో పోయినాడే అనుకున్యా."

హజ్జీకి తెలుగు రాదు. కానీ అతని చెయ్యి లేచిన తీరు చూశాడు. "ఏమంటున్నాడు?" అన్నాడు.

చెప్పకూడదనుకున్నాను. చెప్పాను. ఆయన వింటూ వింటూ ఇసకలో కూర్చుండిపోయాడు. "తల మీద ఏం కట్టుకున్నాడో అడుగు," అన్నాడు.

"తలకేం లేదన్నా," అన్నాడు ఆ అబ్బాయి. "వెంట్రుకలు గాలికి లేస్తాండె. గుడ్డలు మాత్రం తెల్లగా ఉండె, ఇప్పుడే ఉతికినట్ల. మీరు కాలుస్తాండప్పుడు గూడ ఒకపారి అవుపడినాడు. నేను లేచి ఉరకబోతే కదలొద్దని ఇట్ల చెయ్యి పెట్టె. కూసున్యా. ఆ గుండు నా తల పైన్నే పోయింది."

హజ్జీ తలకున్న గుత్రా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మేమిద్దరం అటు తిరిగి కూర్చున్నాం.

ఆ అబ్బాయిని మా గదికే తీసుకొచ్చాం. నా భార్య అతని మడమలు కడిగి మందు రాసి కట్టు కట్టింది. పెరుగన్నం పెడితే, కంచం ఒళ్ళో పెట్టుకుని తలుపు వైపే చూస్తూ తిన్నాడు. ఇతను పారిపోయాడని కఫీల్ అప్పటికే కేసు పెట్టి ఉంటాడని మా భయం. హజ్జీ స్వయంగా వెళ్ళాడు. ఆ కఫీల్‌తో ఏం మాట్లాడాడో మాకు తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు అబ్బాయి పాస్‌పోర్టు చేతిలో ఉంది. "ఖలాస్. ఆ కఫీల్ పేరు ఇంక నా ముందు ఎత్తకు," అన్నాడు. కాగితాలు పూర్తయ్యేదాకా అబ్బాయి మాతోనే ఉన్నాడు.

ఒక సాయంత్రం నా భార్య అతని ఇఖామా, ఇక్కడ ఉండే అనుమతి కాగితం, సర్దుతూ, "బాబూ, నువ్వు కువైట్ వచ్చిందెప్పుడు?" అని అడిగింది.

"చలి పోయినాకనక్కా. వచ్చి మూడు నెలలు గూడ కాలేదు."

ఆవిడ నా వైపు చూసింది. హజ్జీ మా వర్క్‌షాపుకి వచ్చి, ఏది త్వరగా వేడెక్కుతుందని అడిగింది చలికాలంలో. అప్పటికే ఆయన చాలాసార్లు చూసి ఉన్నాడు. అప్పటికి ఈ అబ్బాయి రాయచోటిలోనే ఉన్నాడు. నేను మొదటిసారి కుర్చీలో కూర్చుని చూసింది ఈ అబ్బాయినేనా అంటే, కావచ్చు. కాకపోవచ్చు. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. ఆవిడ ప్రార్థనలో ఆ అబ్బాయి కోసం చెప్పే మాటలకి ఒక వాక్యం ఎక్కువ చేర్చింది. పేరు తెలియని ఒక మనిషి కోసం.

అతను విమానం ఎక్కిన కొన్ని రోజులకి, హజ్జీ ఫిర్యాదు మీద మందుపాతరలు తీసేవాళ్ళు వఫ్రా వచ్చారు. హజ్జీతో, ముదీర్‌తో పాటు నేనూ వెళ్ళాను. మమ్మల్ని దూరంగా జీపుల దగ్గర నిలబెట్టారు. గాలి పెద్దగా లేని రోజులవి. అడుగుల జాడ పూర్తిగా చెరిగిపోలేదు. వాళ్ళు మందుపాతర దొరికినచోటల్లా ఎర్ర జెండా పాతుకుంటూ వెళ్ళారు. మధ్యాహ్నానికి ఆ నేలంతా జెండాలే. జాడకి ఇటు పక్కా ఉన్నాయి, అటు పక్కా ఉన్నాయి. కొన్నిచోట్ల రెండు జెండాల మధ్య ఒక మనిషి పట్టేంత సందు. జాడ ఆ సందులోంచే వెళ్ళింది.

వాళ్ళ పెద్ద, ఒక మీసాల ఆఫీసరు, జీపు దగ్గరికి వచ్చి చెమట తుడుచుకుంటూ, "ఈ దారిన నడిచినవాడికి మ్యాపు ఎవరిచ్చారు?" అని అడిగాడు.

ముదీర్ నా వైపు చూశాడు. హజ్జీ ఎవరి వైపూ చూడలేదు. "గొర్రెల కాపరి," అన్నాడు. "అతనికి అదృష్టం ఉంది."

ఆఫీసరు నమ్మలేదు. కానీ ఇంకేం అడుగుతాడు? వెళ్ళి నీళ్ళు తాగి మళ్ళీ పనిలో పడ్డాడు.

ఆ తరవాత చాలా రోజులు హజ్జీ రాలేదు. రెండు బారెళ్ళూ నూనె గుడ్డలో చుట్టి అలమరలో పెట్టాను. అటు వెళ్ళినప్పుడల్లా అలమర తలుపు మూసి ఉందో లేదో చూసుకునేవాణ్ణి. ముదీర్ కూడా అదే పని చేయడం ఒకటి రెండుసార్లు గమనించాను. ఒకరితో ఒకరం అనుకోలేదు.

వేసవి చివర్లో ఒకరోజు వచ్చాడు. కాస్త చిక్కాడు. రెండూ బల్ల మీద పెట్టమన్నాడు. ఈసారి చెయ్యి వేయలేదు.

"దేని గాడి ఎక్కువ కాలం అరగకుండా ఉంటుంది?" అన్నాడు.

"స్టెయిన్‌లెస్ అండి."

"అయితే అది బిగించు. మనవడు పెద్దవాడయ్యాక కూడా పనికిరావాలి." ఆ వెంటనే, "పట్టీ కూడా కట్టు. వేడి కంటికి తగలకుండా," అన్నాడు.

"నల్లది?"

"అది కోసెయ్యి. ఇక్కడే, నా ముందు."

ఒక బారెల్‌ని ఊరికే కోసెయ్యడం నాకు చేతులు రాని పని. కానీ ఆయన కూర్చున్నాడు గనక రంపం కింద పెట్టాను. నల్ల ఇనుం మామూలుగా కోతకి కీచుమంటుంది. అది మాత్రం చివరిదాకా చప్పుడు లేకుండా తెగింది. రంపం పాడైందేమోనని ఆపి పళ్ళు కూడా చూశాను. బాగానే ఉంది. ముక్కలు పట్టుకుంటే వేలు కాలింది. నీళ్ళ ధార కింద కోసిన ఇనుం అంత కాలకూడదు. నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. హజ్జీ ముక్కలన్నీ ఒక సంచిలో వేయించుకుని తీసుకెళ్ళాడు. ఏం చేశాడో అడగలేదు.

రైఫిల్ పూర్తయ్యాక పరీక్షించడానికి వఫ్రా వెళ్ళలేదు. ఊరికి దగ్గర్లోనే ఉన్న పోటీల మైదానానికి వెళ్ళాం. ముదీర్, హజ్జీ, నేను. పక్క బల్లల దగ్గర కాలేజీ కుర్రాళ్ళు నవ్వుకుంటూ కాలుస్తున్నారు. హజ్జీ చాలాసేపు కాల్చాడు. గుళ్ళన్నీ ఒకే చోట, ఒకదాని అంచు మీద ఒకటి పడ్డాయి. అంత మంచి బారెల్ నేను మళ్ళీ చేయలేదేమో. ముదీర్ భుజం తట్టాడు. పట్టీ కింద బారెల్ బాగానే కాలింది. హజ్జీ ఆ పట్టీ మెల్లగా విప్పేశాడు. తను చూడలేదు. లేచి నిలబడి, కుర్చీ నాకు చూపించాడు.

"నువ్వు చూడు," అన్నాడు.

నాకు కూర్చోవాలని లేదు. అయినా కూర్చున్నాను. గాలి అలలు అలలుగా పైకి లేస్తోంది. కాగితం ఊగుతోంది. ఎడమ పక్క చూశాను. కుడి పక్క చూశాను. ఇసక, చెక్క, ఇసక.

"ఏమీ లేదు హజ్జీ," అన్నాను.

ఆయన తల ఊపాడు. తేలిక పడ్డాడేమో అనుకున్నాను.

"ఉండడు," అన్నాడు రైఫిల్ సంచీలో సర్దుకుంటూ. "ఈ చోటు వాడికి తెలియదు."